నీలం టార్పాలిన్

బర్కా తీరం. ఫజర్ నమాజు అయ్యి ఎంతోసేపు కాలేదు.
సముద్రం వెనక్కి తగ్గిన ఇసుక మీద
సబాను నడిపిస్తున్నాను.
నాలుగేళ్ళ ఆడగుర్రం. అది నాది కాదు,
జీను నాది కాదు,
ఈ తొడల మధ్య వణుకొక్కటే నాది,
అదీ సగమే.

చేపల పడవ మీద కప్పిన నీలం టార్పాలిన్
ఉన్నట్టుండి ఊపిరి పీల్చుకుని పైకి లేచింది.
అంతే,
నా కింద వెన్ను బండరాయైపోయింది.
చెవులు రెండూ పడవకేసి సూదులు.
మెడ మీద ఈగ వాలినా తెగిపోయేటట్టుంది నరం.

దిగాలా?

భంవర్ సింగ్ అంటాడు:
ఈ రోజు దిగావంటే
రేపు కాకిని చూపించి కూడా నిన్ను దింపుతుంది.
ముసలి బలూచీ, దుర్ ముహమ్మద్,
రెండుసార్లు విరిగిన మోచేయి గోక్కుంటూ అంటాడు:
పడ్డవాడు కూడా దిగినవాడే, కాకపోతే ఆలస్యంగా.
ఇద్దరూ అబద్ధమాడరు.
ఇద్దరూ ఇప్పుడు లాయంలో టీ తాగుతుంటారు.

ప్రొద్దుటూరులో మా అబ్బ జట్కా తోలేవాడు.
లారీ హారన్‌కు గుర్రం బెదిరితే
చెర్నాకోల పక్కన పడేసి కిందికి దూకి
దాని దవడ పక్కన నిలబడి
తమలపాకుల ధర మాట్లాడేవాడు,
పాత స్నేహితుడు సందులో ఎదురైనట్టు.
బండిలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.
గుర్రం వినేది.
కానీ బండి వేరురా కుళ్ళాయప్పా, వీపు వేరు, అనేవాడు.

ఒక కాలు రికాబులో, ఒక కాలు గాలిలో.
ఆ అర క్షణం
నువ్వు నేలకీ చెందవు, గుర్రానికీ చెందవు.
చచ్చేవాళ్ళు ఎక్కువగా అక్కడే చస్తారు.

సముద్రం వైపు ఒక చుట్టు తిప్పాను.
ఒక్క నిట్టూర్పు ఇచ్చింది. రెండోది ఇవ్వలేదు.
అప్పుడు తెలిసింది,
బిగించి పట్టుకున్నవి నా మోకాళ్ళే.
పడవలో పులి ఉందని
ఇంతసేపూ దానికి చెప్తున్నది నేనే.

నా కాళ్ళు రెండూ రికాబుల్లోంచి ఒకేసారి తీసి
జారాను.

తడి ఇసుక బూట్లను చీలమండల దాకా మింగింది.
కింద నుంచి చూస్తే సబా ఎంత పెద్దదో!
పగ్గం వదులు చేసి, దవడ పక్కన నిలబడి
తమలపాకుల ధర గుర్తు రాక
ఉల్లిగడ్డల ధర చెప్పాను,
కిలో మూడు వందల బైసాలట, అన్యాయం కదూ.
ఒక చెవి నా వైపు తిరిగింది.
ఇంకోటి పడవకే కాపలా.

టార్పాలిన్ మళ్ళీ లేచింది.
దాని కింద నుంచి ఒక బంగ్లాదేశీ,
జుట్టంతా చెదిరి, బుగ్గ మీద వలతాడు అచ్చుతో,
గుర్రం మూతి ఎదురుగా చూసి
అల్లాను పిలిచి వెనక్కి పడ్డాడు.

సబా మెడ సాచి
అతని దుప్పటి వాసన చూసి తుమ్మింది.

ఇంత మెత్తటి ఇసుకలో నుంచి మళ్ళీ ఎక్కాలంటే
ఏదైనా ఎత్తు కావాలి.
నేను అడగలేదు.
అతనే టార్పాలిన్ పక్కకు లాగి
పడవ అంచు మీద తట్టి చూపించాడు.