గాలికి మొహమాటం

బల్లారట్‌లో జూలై. షెడ్డు రేకు మీద మంచు.
నేను కట్టుకుంటున్న కారు కింద నేను.
పైన, ఇంకా సీటు రాలేదు కనక, పాలట్రే బోర్లించుకుని
గ్లెనిస్, రిటైరైన బస్సు డ్రైవరు.

"నొక్కు." నొక్కింది.
"పట్టుకో." పట్టుకుంది.
నిపిల్ పావు చుట్టు విప్పితే
గొట్టంలో మళ్లీ తుస్సుమని బుడగలు.

ఆయిలు మొండిది. నలగదు.
అక్కడ తోసింది ఇక్కడికి తెచ్చి అప్పజెబుతుంది.
గాలికి మొహమాటం. ఎంత తొక్కినా సరేనంటూ
మధ్యలోనే ముడుచుకు కూర్చుంటుంది.
పెడల్ నేలకంటుతుంది, క్లచ్‌కి కబురందదు.

పదిహేడోసారి
"కాలికేదో అడ్డొచ్చింది," అంది గ్లెనిస్.
నా ముక్కుకి జానెడు పైన స్లేవ్ సిలిండర్ కడ్డీ
ఫోర్కుని వేలిమందం నెట్టింది.

కొత్తగా రంగేసిన ఫ్రేము మీద ఆయిలు చుక్క.
తినేస్తుంది, తెలుసు.
తుడవలేదు.
"ఇంకొక్కసారి నొక్కు," అన్నాను,
పని ఉండి కాదు.