రూపాయి బిళ్ల

టెక్కలి దాటాక, రాయి కోసిన ధూళి
కొబ్బరాకుల మీద కూడా తెల్లగా పేరుకునే చోట
తవిటినాయుడు గారి పెరట్లో
ముప్పై అడుగుల నీలం పెట్టె.

తుపాను వచ్చింది. ఆరు రోజులు కరెంటు లేదు.
మోటారు పడుకుంది.
ఏడో రోజు నాకు ఫోను:
"ఒరే పోలినాయుడూ, నీ నీళ్లు పాచి పట్టీసినాయి, బేగి రా."

నా నీళ్లట.
నింపింది ఆయన బోరు, పాడుచేసింది వాన,
పాచి పట్టాక మాత్రం నావి.

వెళ్లి చూస్తే
గోడలకు పిల్లిబొచ్చంత మెత్తటి పచ్చదనం,
మెట్ల మీద రెండు కప్పలు
రిజిస్ట్రేషన్ అయిపోయినట్టు కూర్చున్నాయి.

నిజం చెబుతున్నా, ఆ రంగు నాకు ముద్దొచ్చింది.
పదకొండేళ్లు భోగాపురం హేచరీలో
రొయ్యపిల్లల కోసం ఆ పచ్చనే పెంచాను,
సీసాల్లో, డ్రమ్ముల్లో, ట్యూబులైట్ల కింద,
గాలిగొట్టం ఊడిందేమోనని నడిరేయి లేచి చూస్తూ.
అక్కడ పచ్చనీరంటే పాలు.
ఇక్కడ ఫిర్యాదు.
హేచరీ మూసేశాక
నీళ్లు తప్ప వేరే పని రాలేదు నాకు.

పొద్దు వాలాకే వేశాను మందు.
ఎండలో వేస్తే సగం ఎండే తాగేస్తుంది.
గోడలు తోమాను, భుజం పీకేదాకా.
తెల్లారేసరికి పచ్చ పోయింది.
తెలుపు వచ్చింది,
బియ్యం కడిగిన నీళ్ల తెలుపు.

నాయుడు గారు చేతికర్ర మీద వాలి చూశారు.
క్వారీలో బండ దొర్లి మోకాలు నలిగిన మనిషి,
నీళ్లలో నడవమన్నాడు డాక్టరు.
"పచ్చగుంటే పాచన్నావు. ఇప్పుడీ తెలుపేటి?"
"అదే పాచండి. చచ్చింది, పోలేదు."
ఆయన చాలాసేపు ఏమీ అనలేదు.

రెండు రోజులు ఫిల్టరు తిప్పాను.
గేజి ముల్లు ఎక్కినప్పుడల్లా ఇసుకను వెనక్కి కడిగాను,
ఆ నీళ్లు అరటి పాదుల్లోకి పోకుండా గట్టు వేసి.
ఒక రూపాయి బిళ్ల అడుగున వేశాను:
బొమ్మో బొరుసో గట్టు మీంచి చెప్పగలిగితే
నా పని అయినట్టు.
బిళ్లే కనబడలేదు.

వంటచేసే అసిరమ్మ గిన్నెలు తోముతూ అంది:
"మాయమ్మ ఇండుపగింజ అరగదీసి కుండలో కలిపీసేది.
కలిపీసి, మరి దాని జోలికెల్లీది కాదు.
నువ్వేటి బావు, వొచ్చిన కాడ్నించీ కెలుకుతునే ఉన్నావు."

అరవై వేల లీటర్లకు ఎన్ని గింజలే అని నవ్వాను.
నవ్వాను గానీ, ఆ రాత్రి పటిక కలిపి
కాసేపు తిప్పి మోటారు ఆపేశాను.

ఎంత నిశ్శబ్దమో.
దూరంగా పలాస వైపు లారీలు.
నాయుడు గారూ కుర్చీ తెచ్చుకున్నారు.
ఇద్దరం నీళ్లను ముట్టుకోలేదు.

"ఆ దినం బండ కింద నేనొక్కణ్నే లేను," అన్నారు చీకట్లో.
మళ్లీ ఎప్పటికో, "దండాసి," అన్నారు.
నేను ఊఁ కొట్టలేదు,
కొడితే కదిలిపోతుందేమోనని.

పొద్దున్న
పైన అద్దం, అడుగున బూడిదరంగు దుప్పటి.
నిద్రపోయే పసిదాని కింద గుడ్డ మార్చినట్టు
గొట్టంతో మెల్లగా, మెల్లగా లాగాను.
ఒక మూల చెయ్యి తొందరపడింది,
మబ్బు లేచింది.
బీడీ ముట్టించి గంటసేపు గట్టు మీద కూర్చున్నాను.
అది దిగేదాకా వేరే దారి లేదు.

మధ్యాహ్నం దాటాక కనబడింది బిళ్ల.
"బొరుసు!" అన్నాను.
నాయుడు గారు కర్ర గట్టుకి ఆనించి
మొదటి మెట్టు మీదికి కాలు చాపారు.
"రేపండి. మందు ఘాటు తగ్గాలి."
"రేపే," అన్నారు,
కాలు మాత్రం వెనక్కి తీయలేదు.

గిన్నెల దగ్గర్నుంచి అసిరమ్మ కేకేసింది:
"తేరినాదేటి?"

నేను నోరు తెరిచేలోగా
ఆయనే అన్నారు:
"అడుగు కనబడతన్నాది."