పిండి లారీ

గున్మా కొండల వాలులో
కొన్యాకు దుంపకు మూడేళ్ళు పడుతుంది.
వసంతంలో పాతాలి, మంచు కురిసేలోగా తవ్వాలి,
చలికాలమంతా గదిలో వెచ్చగా పడుకోబెట్టాలి,
మళ్ళీ పాతాలి, మళ్ళీ తవ్వాలి.
మన కందకు దాయాది అది.
దురద కూడా అదే దురద.
కురిబార త్సునెయొ అరచేతులు
అరవై ఏళ్ళుగా ఆ దురదతోనే కాపురం చేస్తున్నాయి.
కత్తిపీట మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

ముక్కలు కోసి, ఎండబెట్టి, మరలో దంచితే
తేలికైనదంతా గాలికి లేచిపోతుంది,
బరువైనది మిగులుతుంది.
ఆ మిగిలినదాన్ని బస్తాల్లో టోక్యోకు మోసేవాడు ఒరిహార గెంజో.
అతని బరువు నూట పన్నెండు కిలోలు.
పద్దెనిమిదేళ్ళలో ఒక్క చెంచా నోట పెట్టలేదు.
"తిన్నా తిననట్టే ఉండేదాన్ని
డబ్బిచ్చి ఎవడు తింటాడు?"
అతని తిండి దారిపక్క దుకాణంలో,
ప్లాస్టిక్ కాగితంలో, తెల్లగా, మెత్తగా,
నాలుక మీదే కరిగిపోయేది.

కరిగేదంతా పైఅంతస్తులోనే ఖర్చయిపోతుంది.
కింద, వెలుతురూ గాలీ చొరని ఆ పొడవాటి సందులో
లక్షల కోట్ల నోళ్ళు
పొయ్యి వెలిగించకుండా కూర్చుంటాయి.
ఆకలి మరీ ఎక్కువైన రోజు
గోడకు పూసిన జిగురే గీకి తింటాయి.
అద్దె ఇల్లే కదా అనుకుంటాయి కాబోలు.
లేదా, అదొక్కటే దొరికింది కనుక.

మాఎబాషి ప్రయోగశాలలో షీనా మకికొ
అతనికి ఎనభై నాలుగు పొట్లాలిచ్చింది.
"నీళ్ళలో కలిపి వెంటనే తాగెయ్యండి,
ఆలస్యమైతే చెంచా నిలబడిపోతుంది."
పొట్లం మీద, తను రోజూ బస్తా మీద చూసే మిల్లు గుర్తు.
మొదటి వారం కడుపులో ఉరుములు.
సొరంగాల్లో కూడా అద్దాలు దించి నడిపాడు,
పక్కన కూర్చునే కుర్రాడు టోపీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.
ఐదో వారం, ఒక మధ్యాహ్నం
అన్నం ముద్ద సగం తిని
మిగతా సగాన్ని కాసేపు వింతగా చూశాడు.

మన ఒంట్లో ఏ రసమూ తెంచలేని ఆ చక్కెర గొలుసు
పొట్ట దాటి, చిన్నపేగు దాటి
చెక్కుచెదరకుండా కింది సందుకు చేరింది.
ఒకటి కొరికింది, ఒకటి ముక్క అందుకుంది,
ఒకటి తిని వదిలిన పులుపు ఇంకొకదానికి పండగ.
అందరూ తిన్నాక మిగిలిన
వెన్న కంపు కొట్టే ఒక ఆమ్లం
గోడకే కూడయింది.
గీకిన చేతులే పూత పూశాయని చెప్పొచ్చు,
చెప్పను. వాటికి చేతులు లేవు.

పన్నెండు వారాలు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.
"ఇంతేనా?" అన్నాడు గెంజో బెల్టు సర్దుకుంటూ.
మకికొ అబద్ధమాడలేదు. ఇంతే అంది.
ఆపేస్తే పాత కథే కావచ్చనీ అంది.
తెర మీద సన్నటి ఆకుపచ్చ గీత చూపించింది:
వెయ్యింటికి ఒక్క గడపగా ఉన్నవాళ్ళు
ఇప్పుడు నలభై గడపలయ్యారు.
"కొత్తగా వచ్చారా?"
"లేదు. మొదట్నుంచీ ఉన్నారు."
"పేరుందా?"
"నంబరుంది."
లారీ తాళాలు చేతిలో తిప్పుతూ
చాలాసేపు ఆ గీతనే చూశాడు.

నవంబరు. కొండ మీద తొలి మంచు వాసన.
త్సునెయొ కొట్టం ముందు ఖాళీ లారీ ఆగింది.
గెంజో దిగి, దుంపలు బేరం చేశాడు,
బస్తాలు కాదు, ఒక సంచీడు.
"ఒంటరివాడివి, ఇన్నెందుకు?" అందామె.
"ఇంట్లో జనం పెరిగారు."
ఆమె చెవుడు వల్లో, మరెందుకో,
ఎంతమంది అని అడగలేదు.
ఇంకో దుంప పైన పడేసింది.

టోనే నది వంతెన మీదికొచ్చేసరికి
స్టీరింగు పట్టుకున్న అరచెయ్యి
దురద పెట్టడం మొదలైంది.