గరిటెల లెక్క

జీపులో స్పీడు ముల్లు చచ్చి మూడేళ్ళు.
వెనక తగిలించిన టిఫిన్ బండిలో
వేలాడే గరిటెలే నాకు లెక్క.

ముప్పై అయిదులో గుసగుస.
నలభై దాటితే అట్లకాడకీ మూకుడికీ తగువు.
యాభైలో అన్నీ ఒక్కసారే నోరు మూస్తాయి,
ఒకే పక్కకి ఒరిగి.
అదీ భయం.
వెనకది ముందుదాన్ని నడుపుతోందన్నమాట.

పాలకొల్లు దాటాం. తెల్లారేసరికి
అంతర్వేది తీర్థంలో పొయ్యి వెలగాలి.
రొయ్యల లారీ ఒకటి హారను కొట్టి కొట్టి
తిట్టుకుంటూ పోయింది.

చించినాడ వంతెన మీద
వశిష్ఠ గాలి అడ్డంగా వచ్చి
రేకుల గోడని భుజంతో నెట్టింది.
గరిటెలు గప్‌చుప్.

బ్రేకు తొక్కలేదు.
కాలు తీశాను, అంతే.

మళ్ళీ గుసగుస మొదలయ్యాక
సత్తివేణి కళ్ళు తెరవకుండానే అంది:
"పిండి ఇంకా పులవనే లేదు.
నీకేంటయ్యా తొందర?"