ఎర్రసిరా

ముగ్గురు పిల్లలు దక్కకపోతే
నాలుగోవాణ్ని చేటెడు తవుడుకి పక్కింటికిచ్చి
తిరిగి కొనుక్కున్నారట.
అందుకే తవిటయ్య. ఆనక, తవిటయ్య మేష్టారు.

యాభై రెండులో ఎన్నికలొచ్చాయి.
"తవుడుకొచ్చినోడికి ఓటేటి?" అని
హిరమండలం సంతలో ఒకటే నవ్వు.
ఆయనా నవ్వి, నల్లబల్ల భుజానికెత్తుకుని
వంశధార గట్టెంట ఊరూరా తిరిగాడు.
ఓటడగలేదు.
ఎవరి పేరు వాళ్లచేత రాయించాడు.
మా అమ్మ వేలిముద్ర లేని మొదటి కాగితం
ఇప్పటికీ నా దగ్గరుంది:
సుగ్గు దాలమ్మ అనబోయి, దలమ్మ.

గెలిచాడు.
ఆమదాలవలసలో మెయిలెక్కించాం.
మద్రాసు, ఆ తరవాత కర్నూలు గుడారాలు.
సభలో లేచింది రెండుసార్లేనంటారు.
ఒకసారి మా బడికి పెంకులడగడానికి,
ఇంకోసారి, ఎవరో వినపడలేదంటే
అదే మాట గట్టిగా చెప్పడానికి.

యాభై అయిదులో ఓడిపోయాడు.
పెంకులు మరుసటేడు వచ్చాయి.
రాతిపలక మీద వేరే పేరు.
మేష్టారు దాని పక్కనే నిలబడి
హాజరు పిలిచాడు,
కాస్త గొంతు తగ్గించి.

యాభై ఏడు, మార్చి నెల.
మూడ్రోజుల నాటి పత్రిక బల్లమీద పరిచి
గోడమీది పటం దించమన్నాడు.
ఆఫ్రికా పడమటి భుజం కింద
గోల్డుకోస్టుని ఎర్రసిరాతో కొట్టేసి
ఘనా అని రాశాడు,
కోడెదూడ మెడకి గంట కట్టినంత జాగ్రత్తగా.
"అక్కడా మేష్టర్లే జెండా మోసారట్రా," అని
కాసేపు ఆగి,
"ఆళ్లకీ పెంకులు కావాల" అన్నాడు.

అరవైలో సిరాసీసా ఖాళీ.
ఏ నెలకా నెల కొత్త పేరు,
పదిహేడు దాకా లెక్కపెట్టాం.
కొన్ని ఊళ్లు మళ్లీ పేర్లు మార్చుకున్నాయి.
మళ్లీ కొట్టేశాడు, విసుగు లేకుండా,
మా కాపీ పుస్తకాలు దిద్దినట్టే.

డెబ్బై తొమ్మిదిలో విజీనారం వేరు జిల్లా అయింది.
అప్పటికాయనకి చూపు పోయింది.
అదే బడిలో నేను మేష్టర్ని.
జిల్లా పటం ఒళ్లో పరుచుకుని
గీత ఎటు పోతుందో నాచేత చెప్పించుకుని
దారంతా వేలితో తడిమి
సీసా నా చేతికిచ్చాడు.
"మెల్లగా గియ్యి బావూ,
కిందన మనుసులున్నారు."

రాజాం దగ్గర నా చెయ్యి వణికింది.
గీత వంకరపోయింది.
ఆయన అడగలేదు.
నేను చెప్పలేదు.