పేరు పక్కన

డైరీ మైదానంలో సున్నంతో గీసిన గళ్ళు,
ఒక్కో గడిలో ఒక్కో కారు.
పొద్దున ఆరింటికి జెండా.
అంతలోపల నా పని:
తలుపుల మీద నంబర్లు, అద్దాల మీద పేర్లు.

ముప్ఫై ఒక్క ఏండ్లుగా చిత్తూర్లో బోర్డులు రాస్తాండా.
బెల్లం మండీలకు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు,
ఎలక్షన్లొస్తే గోడలకు.
స్టిక్కర్ల మిషనొచ్చినాంక కుంచెలు ఎండిపోయినాయి.
ఈ పొద్దు ఆ మిషను చెడిపోబట్టి
గిరింపేట నుంచి నన్ను పిలిపించినారు.

చేతికి జాబితా ఇచ్చినారు.
ఒకటో నంబరు కోయంబత్తూరు కారు.
దాని టైర్లకి వేరే వ్యాను, వ్యానుకి వేరే డ్రైవరు,
ఆ డ్రైవరు పేరు జాబితాలో లేదు.
నాలుగు, మంగళూరు అన్నదమ్ములు.
పెద్దోడు తోలతాడు, చిన్నోడు దారి చదువుతాడు,
ఇద్దరికీ మాటల్లేవంట, మలుపులు తప్ప.
తొమ్మిది, హోసూరు పిల్ల నఫీసా.
బానెట్ కింద తల పెట్టినదాన్ని
పేరు ఎట్ల రాయాలమ్మా అంటే
"ఎట్లైనా రాయన్నా, చదివేలోపల దాటిపోతా" అనింది.
పన్నెండు తర్వాత పద్నాలుగు.
నడిమిది ఎవురూ తీసుకోలేదు.

ప్రతి పేరు పక్కనా రక్తం గ్రూపు రాయాలంట.
అది రూలు.
ఓ పాజిటివ్. ఏ పాజిటివ్. మళ్ళీ ఓ.
ఎర్ర డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసినా.
పసుపుతో రాసినా.

ఇరవై రెండు, పాత జిప్సీ.
యాదమరి మెకానిక్కులు నలుగురు చందాలేసి నిలబెట్టిన బండి.
పేరు చెంగల్రాయులు. ఊరు పలమనేరు.
పని టమాటా లారీ.
రక్తం కాడ ఖాళీ.

"ఏం గ్రూపు రాయమంటావబ్బా?"
"తెలీదన్నా."
చేతిలో సగం తిన్న బన్ను.
"పదైదేండ్లు మొగిలి ఘాట్లో తోలినా.
సరుకెంత అన్నారు,
మద్రాసు మార్కెట్ తెరిచేలోపల చేరతావా అన్నారు,
పండు నలిగితే బాడుగ కోసినారు.
నీ రక్తమేందిరా అని
ఈ పొద్దే అడగడం."

నవ్వినాడు.
నాకు రాలేదు నవ్వు.
ఆ ఘాట్ మలుపులో పోలీసోళ్ళ బోర్డు రాసింది నేనే,
'ప్రమాదములు జరుగు స్థలము' అని.
'గు'కి కొమ్ము భలే కుదిరిందని
నాలుగడుగులు వెనక్కి పోయి
చూసి మురిసినా ఆ పొద్దు.

జాబితా పిల్లోడు తొందరపెట్టినాడు:
"ఓ పాజిటివ్ అని రాసేయన్నా, చానామందిది అదే గదా!"
కుంచె ఎత్తినా.
ఈ ఊర్లో నా తప్పులు శానా ఉండాయి,
దీర్ఘం లేని స్వీటు షాపు, వత్తు మరిచిన డాక్టరు.
ఎవురూ చావలేదు.
కుంచె దించి
ఇరవై మూడుకి పోయినా.

తెల్లారుజామున నాలుక్కి
ఎవురిదో బైకు మీద వచ్చినాడు,
మోచేతి మడతలో దూది, వేళ్ళ నడుమ చీటీ.
బి నెగెటివ్.
పెద్దాసుపత్రి నర్సమ్మ చెప్పిందంట,
నూరుమందిలో ఒకరిద్దరికే ఉంటాది, బద్రం నాయనా అని.
ఆ మాట చెప్పేటప్పుడు
ఏదో నిధి దొరికినోడి మాదిరి ఉండాడు,
ఏదో పోగొట్టుకున్నోడి మాదిరి కూడా.

'బి' రాసినా.
పక్కన అడ్డగీత. గోరంత.
సినిమా కటౌట్ల కింద మనిషెత్తు అక్షరాలు రాసిన చెయ్యి
ఆ గీత కాడ రెండు తూర్లు ఆగింది.

ఆరింటికి జెండా.
నిమిషానికొకటి దుమ్ము లేపుకుంటా పోతాండాయి
తవణంపల్లి దిక్కుకి.
ఇరవై రెండు నా ముందర నిదానించింది.
అద్దం దించినాడు, నా అక్షరాలు తలుపులోకి మునిగినాయి.
"అన్నా, సోమవారం లారీ తెస్తా.
దాని మీద కూడా రాయి."
"ఏం రంగు?" అని అరిచినా.
ఇంజను మోతలో ఏం చెప్పినాడో.

డబ్బా అడుగున పసుపు ఇంకా రోంత ఉండాది.
ఎండిపోకుండా
మూత గట్టిగా బిగించినా.