వ్యక్తిగత సమాచారం

ఉమ్ అల్ కువైన్ మడ కయ్యలో
పాటు వేళ చూసి గొట్టం దింపాం.
మీటరున్నర బురద.
పైకి లాగుతుంటే వదల్లేక వదిలినట్టు
నీళ్ళ అడుగున ఒక చప్పరింపు.

నిలువునా కోసి బల్ల మీద పరిస్తే
చెరకు గెడలా గణుపులు గణుపులుగా కాలం.
అడుగున గవ్వల నలుపు,
దాని మీద కుళ్ళిన నీటిగడ్డి బూడిద,
ఆపైన చాలా దూరం ఏమీ లేదు,
ముత్యాల పడవలు వచ్చి వెళ్ళినా
గీత పడనంత మెత్తన.
పైనుంచి పద్దెనిమిదో సెంటీమీటరు దగ్గర
ఒక తెల్ల పట్టీ, బొటనవేలంత.

నోటుబుక్కులో రాసుకున్నాను:
మానవ ప్రమేయం. 2008 కావచ్చు.

ఆరు నెలలకి పత్రిక నుంచి జవాబు.
మొదటి సమీక్షకుడికి అంతా బాగుంది, కామాలు తప్ప.
రెండో ఆయన, లేదా ఆవిడ,
చీకట్లో రాయి విసిరిందెవరో మనకి చెప్పరు,
అడిగారు:
ఆ పట్టీ ఆ ఏడాదిదే అని ఎలా అంటారు?
మీ సీసపు లెక్క పదేళ్ళు అటూ ఇటూ ఊగుతోంది.
తుపాను తెచ్చిన ఇసుక కాకూడదా?

కాకూడదా. నిజమే.
ఏసీ హోరులో మూడు రాత్రులు
చేపముల్లులా మింగలేక కూర్చున్నాను.

పడవ నడిపే లింబాద్రి, ఆర్మూరు పక్క మనిషి,
గొట్టాలు కడుగుతూ తలెత్తకుండా అన్నాడు:
"గది తుపాను గాదు మేడం.
గా ఇసుక మేం వోసిందే.
డ్రెజ్జర్ మీద పైపు వట్టింది నేనే.
రోజాల నెల. ఇరువై రెండు దినాలు, రాత్రింబగళ్లు.
విల్లాలకు జాగ గావాలంటే
కయ్య కడుపుల నుంచి తోడి గట్టున వోసినం.
సగం మల్ల నీళ్లల్లకే జారింది.
వారం దాక నీళ్లు పాలోలె ఉండె.
తాబేళ్లు ఊపిరికి పైకొస్తే
పిండి పూసుకున్నట్టు కనవడె."

మర్నాడు ప్లాస్టిక్ కవర్లోంచి
నాలుగు మడతల జీతం చీటీ తీశాడు.
సెప్టెంబరు, 2008. కంపెనీ ముద్ర సగం చెరిగింది.
"రెండు నెలల పైసలు రావాలె ఇంక. గందుకే దాసిన."

సీసం ఊగిన చోట ఆ చీటీ ఊగలేదు.

వాక్యం పక్కన చేర్చాను:
జి. లింబాద్రి, వ్యక్తిగత సమాచారం.
పత్రిక ఫారం ఒప్పుకోలేదు.
ఆయన సంస్థ? ఈమెయిలు? హోదా?
ఖాళీ గడి మీద ఎర్ర నక్షత్రం,
ముందుకు పోనివ్వదు.
హోదా జాబితాలో ఆచార్యుడున్నాడు, విద్యార్థి ఉన్నాడు,
పైపు పట్టుకున్నవాడు లేడు.
"ఇతరులు" నొక్కాను.

అచ్చవుతుందని తెలిశాక అడిగాడు,
"గింత కష్టవడి రాస్తిరి, వాళ్లు మనకెంత ఇస్తరు?"
మనమే ఇవ్వాలన్నాను. ఎంతో చెప్పాను.
వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు,
వేళ్ళు చాలక
పడవ అంచు పట్టుకుని చాలాసేపు నవ్వాడు.

తొమ్మిదో పేజీ తెలుగులో చెప్పమన్నాడు.
"ఈ పొర మనుషుల వల్ల ఏర్పడింది," అని చదివాను.
"ఏ మనుషులు?"
ఆ ప్రశ్న రెండో సమీక్షకుడు అడగలేదు.
నేనూ అడగలేదు.
విల్లా కొన్నవాళ్ళా, గీత గీసినవాళ్ళా,
జీతం ఎగ్గొట్టినవాళ్ళా, పట్టిన చేతులా,
పత్రంలో ఒకటే మాట, అందరికీ సమానంగా.
మార్చడానికి గడువు దాటిపోయింది.

చలి గదిలో ట్రే బయటికి లాగాం.
పట్టీ మీద బొటనవేలు ఆనించి చూశాడు.
సరిగ్గా సరిపోయింది.
"గింతేనా?" అన్నాడు.
వేలికంటిన తెల్లదనాన్ని లుంగీకి తుడవబోయి,
ఆగి,
నా వైపు చూసి,
మళ్ళీ ట్రేలోకే దులిపాడు.

"రేపు పాటు ఎన్నింటికి మేడం?"
నాలుగుంపావుకి అన్నాను.